అమ్మాయిల ఫుట్‌బాల్ టీమ్ సీజన్‌కోసారి చెదిరిపోకుండా ఎలా చూసుకోవాలి

పోయిన ఏడాది జూన్‌లో స్కూళ్ళు తెరిచిన నెలలోనే మా అండర్ 15 అమ్మాయిల టీమ్ నుంచి 6 మంది వెళ్ళిపోయారు. ఉన్నదే 16 మంది. వాట్సాప్ గ్రూప్‌లో ఒకరి తర్వాత ఒకరు "లెఫ్ట్" అని కనిపిస్తుంటే కాళ్ళూ చేతులూ ఆడలేదు నాకు. నేను ఆ టీమ్‌కి మేనేజర్‌ని, అంటే జెర్సీలు లెక్కపెట్టుకుని, టర్ఫ్ బుక్ చేసి, ఎవరి పిల్లని ఎవరి కార్లో ఎక్కించాలో చూసుకునే అమ్మని, మా పాప అక్కడే మిడ్‌ఫీల్డ్ ఆడుతది. ఆ నెలంతా పేరెంట్స్ నోట్లో ఒకటే మాట, "ఈ కాలం పిల్లలకి లాయల్టీ ఎక్కడిదండీ" అని. నేనూ అన్నాను ఆ మాట. తర్వాత ఒక్కో ఇంటికి ఫోన్ చేసి నిదానంగా మాట్లాడితే తెలిసింది, 13, 14 ఏళ్ళ పిల్లని పట్టుకుని లాయల్టీ గురించి అడిగేముందు పెద్దవాళ్ళం మనం ఆ పిల్ల విషయంలో ఎంత నిక్కచ్చిగా ఉన్నామో చూసుకోవాలి అని. హైదరాబాద్‌లో అమ్మాయిల టీమ్ నడిపే కోచ్‌లకి, మేనేజర్లకి, అట్లనే పాపని వేరే క్లబ్‌కి పంపాలా వద్దా అని తల పట్టుకున్న అమ్మానాన్నలకి మేము చేసినవి, చేస్తున్నవి వరసగా చెప్తాను.

మొదట చెయ్యాల్సింది, ఒక నోట్‌బుక్ తీసి వెళ్ళిపోయిన ప్రతి పిల్ల పేరు రాసి పక్కన కారణం రాయండి. మీరు ఊహించుకున్న కారణం కాదు, వాళ్ళింట్లో అడిగి తెలుసుకున్నది. మా ఆరుగురి లెక్క ఇది. ఇద్దరు ఇంకో అకాడమీకి పోయారు. ఒకమ్మాయి పదో తరగతి. ఒకమ్మాయి వాళ్ళ నాన్నకి బెంగళూరు ట్రాన్స్‌ఫర్. ఒకమ్మాయికి మోకాలు. ఆరో పిల్ల లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ వైపు డిఫెండర్, ఆ పిల్ల ఎందుకు పోయిందో మా ఎవరికీ తెలీదు, అసలు ఎవరమూ అడగలేదు. నేను వాళ్ళమ్మకి ఫోన్ చేసినప్పుడు ఆమె ఏమన్నదంటే, "మేడమ్, వరసగా నాలుగు మ్యాచులు కూర్చోబెట్టారు, ఎందుకో ఎవ్వరూ చెప్పలేదు, పాప మూడో మ్యాచ్ అయినప్పటి నుంచి ఇంటికొచ్చి మాట్లాడటం మానేసింది" అని. నాలుగు మ్యాచులకీ సైడ్‌లైన్ మీద ఆ పిల్ల పక్కనే నిలబడి వాటర్ బాటిల్స్ అందించింది నేనే. అందుకే చెప్తున్నా, ఈ నోట్‌బుక్ పని మాత్రం దాటెయ్యొద్దు.

అడిగేటప్పుడు కొన్ని విషయాలు నేరుగా చెప్పరు, మీరే మెల్లగా అడగాలి. మన సిటీలో చాలా టర్ఫ్‌ల దగ్గర అమ్మాయిలకి సరైన బాత్‌రూమ్ ఉండదు, బట్టలు మార్చుకునే చోటు ఉండదు, పీరియడ్స్ టైమ్‌లో పిల్లలు ఏదో వంక చెప్పి మానేస్తారు, అట్ల నెలకి మూడు నాలుగు ప్రాక్టీసులు పోయాక ఇగ రావడమే మానేస్తారు. కొందరి ఇళ్ళల్లో బంధువులు వచ్చినప్పుడల్లా "ఎండలో తిరిగి పిల్ల ఎట్ల నల్లబడిందో చూడు" అంటారు. రాత్రి ఎనిమిదింటికి ప్రాక్టీస్ అయిపోతే మియాపూర్ నుంచి ఒక్కతే ఆటోలో రావాలి అనేది ఇంకో భయం. ఇవేవీ ఫుట్‌బాల్ కారణాలు కావు, కానీ పిల్ల పోయేది వీటివల్లే, పైకి మాత్రం "చదువు ఎక్కువైంది ఆంటీ" అంటది. మేము టర్ఫ్ మార్చాం, కేవలం బాత్‌రూమ్ కోసం, గంటకి కొంచెం ఎక్కువ పడింది, పడనీ. ఇద్దరు పిల్లల హాజరు ఆ నెలలోనే సర్దుకుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆట నియమాల ప్రకారం ఒక వైపు ఏడుగురి కంటే తక్కువ ఉంటే మ్యాచ్ మొదలుపెట్టరు, మధ్యలో తగ్గినా కొనసాగించరు. 11 మంది ఆడాలి, బెంచ్ మీద నలుగురైదుగురు ఉండాలి, అంటే 16 మందిలో 6 పోతే మిగిలింది 10, అందులో ఒకరికి జ్వరం, ఒకరింట్లో పెళ్ళి అంటే మీరు ఎనిమిది మందితో గ్రౌండ్‌లో నిలబడతారు. అబ్బాయిల టీమ్‌లో ముగ్గురు పోతే ట్రయల్స్‌కి ముప్పై మంది వస్తారు. అమ్మాయిలకి అట్ల కాదు, సిటీ మొత్తం మీద సీరియస్‌గా ఆడే పిల్లలు ఒకరికొకరు తెలిసే ఉంటారు. అందుకని ఒక క్లబ్ పక్క క్లబ్ నుంచి నలుగురు మంచి ప్లేయర్లని లాగేసిందనుకోండి, ఆ క్లబ్‌కి టీమ్ గట్టిగా తయారవుతది, కానీ ఆడటానికి ఎదురు టీమ్ ఉండదు, అటు మిగిలిపోయిన ఏడెనిమిది మంది పిల్లలు ఆట మానేస్తారు. ఈ రెండోది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. దీనికి నా సలహా, మీ చుట్టుపక్కల ఉన్న మూడు నాలుగు టీమ్‌ల మేనేజర్లతో ఒకసారి కూర్చుని చాయ్ తాగుతూ రెండే మాటలు అనుకోండి, టోర్నమెంట్ నడుస్తుండగా ఎవరి పిల్లలకీ డైరెక్టుగా మెసేజ్ పెట్టొద్దు అని, ఏ పిల్ల అయినా తనంతట తను మాట్లాడటానికి వస్తే మర్యాదకి పాత కోచ్‌కి ఒక ఫోన్ కొట్టాలి అని. మేము ముగ్గురం అనుకున్నాం, ముగ్గురం ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాం.

తర్వాతి పని కాగితం. సీజన్ మొదట్లోనే, అంటే ఏప్రిల్, మే నెలల్లో ట్రయల్స్ పెట్టి, జూన్‌లో స్కూల్ హడావిడి మొదలయ్యేలోపు ఎవరు టీమ్‌లో ఉన్నారో ఎవరు లేరో తేల్చి చెప్పెయ్యండి. వారంలో చెప్పండి, నెల రోజులు నాన్చితే అందరికంటే మంచి ప్లేయరే ముందు వేరే చోటు చూసుకుంటది. ఆ తర్వాత ప్రతి ఇంటికీ ఒకే ఒక పేజీ, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ఏ రోజుల్లో ప్రాక్టీస్, ఏ టోర్నమెంట్లు, మొత్తం ఖర్చు ఎంత, మధ్యలో మానేస్తే ఫీజులో ఎంత వెనక్కి వస్తది, స్కూల్ మ్యాచ్ క్లబ్ మ్యాచ్ ఒకే రోజు పడితే ఏం చెయ్యాలి, ఆడే టైమ్ ఎట్ల ఇస్తాం. ఈ స్కూల్ సంగతి తప్పకుండా రాయండి, సుబ్రతో కప్, ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల లాంటివి స్కూల్ తరఫునే ఆడాలి, పిల్లకి అది మళ్ళీ రాని అవకాశం, అక్కడ మనం అడ్డుపడితే ఓడిపోయేది మనమే. మేము స్కూల్‌కే మొదటి హక్కు అని రాసేశాం, లొల్లి అంతటితో ఆగింది.

కాగితం అన్నాను, బాండ్ అనలేదు. కొన్ని చోట్ల పిల్లల చేత "రెండేళ్ళు ఈ క్లబ్‌కే ఆడతాను" అని సంతకం పెట్టిస్తున్నారు. మన 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని వాళ్ళకి ఒప్పందం చేసుకునే అర్హతే లేదు, పిల్ల సంతకాన్ని చూపించి ఎవరూ భయపెట్టలేరు. కానీ అమ్మానాన్నలు తమ పేరు మీద పెట్టే సంతకం వేరే లెక్క, డబ్బుల గురించి ఏముందో పూర్తిగా చదివి పెట్టండి, ఒక కాపీ అడిగి తీసుకోండి. క్లబ్ నడిపేవాళ్ళకి నేను చెప్పేది, సంతకం కోసం బతిమాలుకునే స్థితి వచ్చిందంటే ఆ ఇంట్లో నిర్ణయం ఎప్పుడో అయిపోయింది.

ఇక ఆడే టైమ్, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. మా ఆరో పిల్ల సంగతి తెలిసినప్పటి నుంచి నేను ప్రతి మ్యాచ్‌లో ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో రాస్తున్నాను, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, నోట్‌బుక్‌లో గీతలు గీసి. మొదటి నెల లెక్క చూసి మా కోచ్ సార్ కూడా ఆగిపోయారు, ఎందుకంటే ఆయన మనసులో అందరికీ ఇంచుమించు సమానంగానే ఇస్తున్నారు, కాగితం మీద చూస్తే ఒక పిల్లకి 190 నిమిషాలు, ఇంకో పిల్లకి 22. ఆయన చెడ్డ మనిషేం కాదు, మ్యాచ్ టైట్‌గా ఉన్నప్పుడు ఎవరికైనా బలమైన వాళ్ళ వైపే చూపు పోతది. లెక్క కళ్ళ ముందు ఉంటే ఆ చూపు మారుతది. యూత్ మ్యాచుల్లో బయటికొచ్చిన ప్లేయర్ మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చు అనే వెసులుబాటు టోర్నమెంట్ వాళ్ళు ఇవ్వొచ్చు, ఎంట్రీ కట్టేముందే అది ఉందో లేదో అడగండి, ఉంటే వాడుకోండి. మేము పెట్టుకున్న రూల్ ఏంటంటే లీగ్ మ్యాచుల్లో వచ్చిన ప్రతి పిల్ల కనీసం సగం మ్యాచ్ ఆడాలి, నాకౌట్‌లో మాత్రం కోచ్ ఇష్టం, కానీ ఆ సంగతి సీజన్ మొదట్లో పేజీ మీద రాసి ఉండాలి, ఆ రోజు పొద్దున ఎవరిని మొదటి నుంచి ఆడించట్లేదో ఆ పిల్లకి కోచ్ స్వయంగా చెప్పాలి. రెండు నిమిషాలు చాలు. "ఇవాళ నువ్వు సెకండ్ హాఫ్‌లో వస్తావు, ఎందుకంటే వాళ్ళ రైట్ వింగర్ స్పీడ్, నువ్వు వెనక్కి పరుగెత్తడం మీద ఈ వారం పని చేద్దాం" అన్నారనుకోండి, పిల్ల బాధపడతది, ఏడుస్తది కూడా, కానీ మంగళవారం ప్రాక్టీస్‌కి వస్తది. ఏమీ చెప్పకుండా కూర్చోబెడితే తనకి తానే ఒక కారణం అల్లుకుంటది, ఆ అల్లుకున్నది ఎప్పుడూ అసలు కారణం కంటే ఘోరంగా ఉంటది.

పేరెంట్స్‌కి ఇక్కడ ఒక మాట. టైమ్ దొరకట్లేదని మీ పాప బాధపడుతుంటే మ్యాచ్ అయిన వెంటనే గ్రౌండ్ మీదే కోచ్‌ని పట్టుకోకండి, గ్రూప్‌లో అసలే రాయకండి. ఒక రాత్రి గడవనివ్వండి. మర్నాడు ముందు పాపనే కోచ్ దగ్గరికి వెళ్ళి "సార్, నేను ఏం మెరుగుపరుచుకుంటే ఎక్కువ ఆడిస్తారు" అని అడగమనండి, 12 దాటిన పిల్ల అడగగలదు, మొదటిసారి గొంతు రాదు, రెండోసారి వస్తది. జవాబు సరిగ్గా రాకపోతే అప్పుడు మీరు వెళ్ళండి. అక్కడా సమాధానం లేకపోతే క్లబ్ మారడం గురించి ఆలోచించడంలో తప్పేం లేదు.

గాయాల గురించి కొంచెమే చెప్తా. ఎదిగే వయసులో అమ్మాయిలకి మోకాలి ఏసీఎల్ గాయం, అంటే మోకాలి లోపలి లిగమెంట్ తెగడం, అబ్బాయిల కంటే ఎక్కువ వస్తది. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వాళ్ళ 11 ప్లస్ అనే వార్మప్ ఉంది, 20 నిమిషాలు పడుతది, సామాన్లేం అక్కర్లేదు, వారానికి కనీసం రెండుసార్లు సరిగ్గా చేయిస్తే గాయాలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. అట్లనే ఒకే పిల్లని స్కూల్, క్లబ్, ఇంకో టీమ్‌కి గెస్ట్ అని మూడు వైపులా లాగితే ఆ మోకాలు ఎంత ఓర్చుకుంటది. దెబ్బ తగిలి ఇంట్లో ఉన్న పిల్లని మ్యాచులకి పిలవండి, స్కోర్ రాయించండి, లేకపోతే ఆరు నెలల తర్వాత మోకాలు బాగైనా మనిషి రాదు.

చదువు మన దగ్గర పెద్ద గోడ, దాన్ని కాదనలేం. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, తొమ్మిది పది వచ్చేసరికి సాయంత్రం స్టడీ అవర్స్, మార్చిలో ఎస్‌ఎస్‌సీ పరీక్షలు, తర్వాత ఇంటర్ అంటే ఇక చెప్పక్కర్లేదు. చాలా క్లబ్బుల్లో రెండే దారులు, వారానికి నాలుగు రోజులు రావాలి లేదా మానెయ్యాలి. మీరు మూడో దారి పెట్టండి, పరీక్షల పిల్లలకి వారానికి ఒక్క రోజు, ఆదివారం పొద్దున, దానికి తగ్గ తక్కువ ఫీజు, జనవరి నుంచి మార్చి దాకా అస్సలు రాకపోయినా పేరు లిస్టులోనే, గ్రూప్‌లోనే. నాన్నలతో మాట్లాడేటప్పుడు ఆట గొప్పతనం గురించి ఉపన్యాసం వద్దు, తేదీలు చెప్పండి, "సార్, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పాపని మేము పిలవం" అంటే వాళ్ళు కూడా మెత్తబడతారు. మా పదో తరగతి పిల్ల విషయంలో ఇది ముందే ఆలోచించి ఉంటే బాగుండేది.

ఇప్పుడు అటు వైపు నుంచి చూద్దాం. మీ పాప ఆట చూసి వేరే క్లబ్ పిలిచింది. సంతోషమే, పాపకి కూడా గాల్లో తేలినట్టుంటది. ఒక వారం ఆగండి. మీరు ఒక్కరే వెళ్ళి వాళ్ళ ప్రాక్టీస్ మొత్తం చూడండి, వెబ్‌సైట్‌లో ఫోటో ఉన్న కోచ్ మీ పాప వయసు వాళ్ళకి నిజంగా నేర్పిస్తున్నారా, ఇంకెవరైనా నేర్పిస్తున్నారా చూడండి. పాప ఆడే పొజిషన్‌లో వాళ్ళకి ఇప్పటికే ఎంతమంది ఉన్నారో అడగండి, ముగ్గురు ఉంటే మీ పాపని ఎందుకు పిలిచారో కూడా అడగండి. బెంచ్ మీద కూర్చున్న పిల్ల వాళ్ళమ్మతో పది నిమిషాలు మాట్లాడండి, మొదటి నుంచి ఆడే పిల్ల వాళ్ళమ్మ చెప్పేదానికంటే ఆమె చెప్పేది మీకు పనికొస్తది. దారి చూసుకోండి, కూకట్‌పల్లి నుంచి ఉప్పల్ వైపు వారానికి నాలుగు సాయంత్రాలు అంటే మెట్రోలో అయినా ఇంటికి చేరి అన్నం తినేసరికి ఎంతవుతది, హోంవర్క్ ఎప్పుడు. చివరగా పాపని అడగండి, ఫ్రెండ్ వెళ్తుందని వెళ్తున్నావా, ఆట కోసమా అని. ఫ్రెండ్ కోసం అన్నా తప్పేం కాదు, ఆ వయసులో పిల్లల లాయల్టీ ఫ్రెండ్స్‌కే ఉంటది, క్లబ్ లోగోకి కాదు, అది మంచి గుణమే. కానీ ఆ ఫ్రెండ్ ఏడాదికి మానేస్తే ఏంటి అనేది ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఉండాలి.

వెళ్ళాలనే అనుకుంటే వరస తప్పకండి. నడుస్తున్న టోర్నమెంట్ పూర్తి చెయ్యనివ్వండి. గ్రూప్ నుంచి బయటికి రాకముందే కోచ్‌కి మీ నోటితో చెప్పండి. బాకీ ఫీజు కట్టెయ్యండి, జెర్సీలు ఉతికి ఇవ్వండి. పాప ఏఐఎఫ్ఎఫ్ (మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య) వాళ్ళ ఆన్‌లైన్ ప్లేయర్ రిజిస్ట్రేషన్ సీఆర్ఎస్‌లో పాత క్లబ్ పేరు మీద రిజిస్టర్ అయ్యుంటే మార్చే పని ఎవరు చేస్తారో రెండు క్లబ్బులనీ ముందే అడగండి, అది తేలకుండా కొత్త జెర్సీ వేసి దింపకండి. ఫిఫా నియమం ప్రకారం ఒక సీజన్‌లో గరిష్ఠంగా మూడు క్లబ్బులకి రిజిస్టర్ అవ్వొచ్చు, అఫీషియల్ మ్యాచులు మాత్రం రెండు క్లబ్బులకే ఆడొచ్చు, కాబట్టి రెండు క్లబ్బులకి ఆడేశాక అదే ఏడాది రెండోసారి మారడం అంటే ఆ సీజన్‌కి దారి మూసుకుపోవడమే. టీమ్‌మేట్స్‌కి మాత్రం పాపే వచ్చి చెప్పాలి, మీరు కారులోనే ఉండండి.

క్లబ్ వైపు వాళ్ళకి, వెళ్ళే పిల్లని ఎట్ల పంపుతారో మిగిలిన పిల్లలు చూస్తుంటారు. ఎన్ఓసీ, అంటే పిల్ల వెళ్ళడానికి అభ్యంతరం లేదనే కాగితం, ఆపడం, బర్త్ సర్టిఫికెట్ కాపీలు ఇవ్వకుండా తిప్పడం, గ్రూప్‌లో ద్రోహం గీహం అని రాయడం, ఇవన్నీ నేను చూశాను, ఆ పేర్లు ఇక్కడ అనవసరం. "మేము నేర్పించాం, మాకు డబ్బులివ్వాలి" అనేవాళ్ళూ ఉన్నారు. ఫిఫా రూల్స్‌లో ట్రైనింగ్ కాంపెన్సేషన్ అనేది ఉన్న మాట నిజమే, కానీ ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌కి అది వర్తించదని ఆ రూల్స్‌లోనే రాసి ఉంది. అసలు హైదరాబాద్ వాళ్ళం మనం ఈ విషయంలో చిన్నబుచ్చుకోకూడదు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కోచ్‌గా హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ కొట్టిన ఊరు ఇది, ఆయన కోచింగ్‌లోనే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. ఆ ఒలింపిక్స్ టీమ్‌లో ఆడిన మన సికింద్రాబాద్ బలరాం తర్వాత కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కి ఆడాడు, అయినా ఆయన పేరు ఎత్తితే ఇప్పటికీ మనవాడే అంటాం కదా. నిజామాబాద్ జిల్లా నుంచి బయల్దేరిన ఫుట్‌బాల్ ప్లేయర్ గుగులోత్ సౌమ్య గోకులం కేరళ క్లబ్‌కి ఆడింది, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి వెళ్ళింది, తర్వాత ఈస్ట్ బెంగాల్, ఆ అమ్మాయి ఎన్ని జెర్సీలు మార్చినా మన పిల్లలు ఫోన్‌లో వీడియో పెట్టుకుని "తెలంగాణ అక్క" అనే చూస్తారు. మీ పిల్ల హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌కి సెలెక్ట్ అయి వెళ్ళినా, పక్క అకాడమీకి వెళ్ళినా, ఆఖరి ప్రాక్టీస్ రోజు గ్రూప్ ఫోటో తీయించి పంపండి.

ఖాళీ అయిన చోట్లోకి కొత్త పిల్లలు వస్తారు, వాళ్ళని నిలబెట్టుకోవడం ఇంకో పని. మా టీమ్‌లో ఒకరు ఇంట్లో తెలుగు, ఒకరు ఉర్దూ, ఇద్దరు హిందీ, ఇంటర్నేషనల్ స్కూల్ పిల్లలు ఇంగ్లీషు, గవర్నమెంట్ స్కూల్ నుంచి వచ్చిన పిల్ల మొదటి రెండు వారాలు నోరే విప్పలేదు. అందుకే కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకి ఒక నెల పాటు ఒక పాత పిల్లని జత చెయ్యండి, వార్మప్‌లో, పాసింగ్‌లో, వాళ్ళు వచ్చే బండిలో కూడా. చిన్నవైపోయిన స్టడ్స్ (ఫుట్‌బాల్ బూట్లు), షిన్ గార్డ్స్ ఒక డబ్బాలో పెట్టండి, సైజుల వారీగా, ఎవరు ఎవరివి తీసుకున్నారో రాయకండి. ఆ గవర్నమెంట్ స్కూల్ పిల్ల ఇప్పుడు మా కీపర్, గోల్ దగ్గర నుంచి అరిచే అరుపులు రోడ్డు మీదకి వినిపిస్తాయి.

మొన్న ఏప్రిల్ ట్రయల్స్‌కి మా పాత లెఫ్ట్ బ్యాక్ వచ్చింది, వాళ్ళమ్మని గేటు దగ్గరే ఆపేసి ఒక్కతే లోపలికి నడిచింది. నిమిషాలు రాసే నోట్‌బుక్ గురించి ఎవరో ఫ్రెండ్ చెప్పిందట. తన 3 నంబర్ జెర్సీ అప్పటికే ఇంకో పిల్లకి ఇచ్చేశాం. ఇట్లాంటప్పుడు పెద్దవాళ్ళు తీర్పు చెప్పకండి, ఇద్దరినీ పక్కకి తీసుకెళ్ళి వాళ్ళనే మాట్లాడుకోనివ్వండి. మావాళ్ళు ఐదు నిమిషాలు మాట్లాడుకున్నారు, పాత పిల్ల 13 తీసుకుంది, ఆ సాయంత్రమే ఇద్దరూ ఒకే వైపు ఆడారు, నేను ఇద్దరి పేర్లూ రాసుకుని స్టాప్‌వాచ్ నొక్కాను.